సర్పి రాసేటాయినకే సర్పి

"అమ్మమ్మా, తాత ఎడమ కన్ను గట్ల మబ్బుగ ఎందుకైంది? చెప్పు, ఫోన్ల రికార్డు చేస్తున్న."

ఏం జెప్పాలె బిడ్డా... మీ తాత అంటే కోరుట్లల పెద్ద డాక్టరాయె! సదువు లేదు గని చేతుల జాజు, గదే ఎర్రమన్ను, ఉండె. నీకెర్కనే గదా, మనం కుమ్మరోళ్ళం, సర్పికి బొమ్మ రాసేది మనోళ్ళే. ఎవలకన్న సర్పి లేస్తె, గదే, నడుముకో వీపుకో ఒక్క దిక్కే మంట పొక్కులు అస్తయి సూడు, ఉరికొచ్చి ఈయిన ముందల కూసునేటోళ్ళు. ఈయిన పొక్కుల మీద ఎర్రజాజుతోని సింహం బొమ్మ గీసి పంపేది. పైసలు ముట్టకపోయేది, కొబ్బరికాయ తీసుకునేది. నలభై ఏండ్లు మా ఇంట్ల కూరకు బదులు కొబ్బరి తొక్కే. మీ అమ్మకు గిప్పటికి కొబ్బరి సూస్తె దడ.

గసొంటి మొనగానికి పోయినేడు... కాదు కాదు, మొన్నటేడు ఎండకాలం, సగం నెత్తి నొయ్యవట్టె. దువ్వెన పెడితె మంట. "నువ్వు కూరల కారం ఎక్కువేసినవ్" అని నా మీదనే వడ్డడు. ఔ మరి, కారం ఎడమ దిక్కే ఎక్కుతది గదా! రెండొద్దులకు నొసటి మీద పొక్కులు లేసినయ్. సర్పే. ఇగ ఎవలు రాయాలె? అద్దం ముందల కూసోని తనకు తానే రాసుకున్నడు. అద్దంల కుడెడమలు తారుమారాయె, సింహం గీయవోతె పిల్లి అయ్యె.

సూసిపోను అచ్చినోళ్ళంత డాక్టర్లే. ఒకాయినె వంకాయ తినద్దనె. ఒకామె పాము దాటిందనె. నొసటి మీదికెల్లి ఎట్ల దాటిందో ఆ పాముకే ఎర్క.

ఐదో నాడు పక్కింటి రజియా అచ్చింది, గదే బట్టలు కుట్టే రజియా. అప్పటికి మీ తాత ముక్కు కొనకు పొక్కు, కన్ను ఎర్రగ. సూసి, "అక్కా, మా అమ్మీకి గిట్లనే అయి కన్ను పోయింది. లేపు, మా ఆయిన ఆటో తీస్తడు" అన్నది.

"నేనే దవఖానకు పోతె నా ఇజ్జత్ ఏంగావాలె?" అన్నడు మీ తాత.

"ఇజ్జత్ నేను సూసుకుంట. నువ్వు కన్ను సూసుకో" అన్న. మొఖం మీది జాజు కడిగి జగిత్యాలకు తీస్కపోయినం.

డాక్టరమ్మ, "చిన్నగున్నప్పుడు అమ్మతల్లి, ఆటలమ్మ పోసిందా పెద్దాయినా?" అని అడిగింది. పోసింది. గా ఆటలమ్మ పురుగు అప్పుడు పోలేదట బిడ్డా! నరంల పండుకున్నదట. అరవై ఏండ్లు కిరాయి కట్టకుంట ఉండి, ముసలితనం అచ్చి ఒంట్ల బలం తగ్గంగనే లేసింది. "పొక్కులు లేసిన రెండు మూడొద్దులల్లనే రావాలె. ఎవలతోనన్న రాయించుకున్నరా?" అన్నది. మీ తాత పైకి ఫ్యాను దిక్కు సూసిండు. నేనన్న, "పెద్ద వైద్యునితోనే రాయించినం మేడం."

గోలీలు, కంట్ల మందు. పొక్కులైతె మానినయ్. కన్ను మొత్తం పోలే గని మబ్బు వడ్డది. నొప్పి ఉన్నది సూడు, గది ఆరు నెలలు ఇడువలే. ఫ్యాను గాలి తాకితె కేక. నిద్ర లేదు, బువ్వ లేదు, అంగి వదులాయె. మాట బందు.

ఒకనాడు పొద్దుగూకంగ ఏడ్సిండు. మా అత్త సచ్చిననాడు గూడ ఏడ్వని మనిషి. "ఇన్నేండ్లు ఎంతమంది గీ నొప్పితోని నా ముందల కూసున్నరో. బొమ్మ గీసి పంపిన. మల్ల ఎట్లున్నదని ఒక్కల్నన్న అడగలే" అన్నడు. నేను ఆయిన చెయ్యి పట్టుకోని కూసున్న.

ఇప్పటికి అస్తరు, సర్పి రాయుమని. ఈయినె రాయడు. జల్ది దవఖానకు పొమ్మంటడు. కోపం చేస్తరు కొందరు. తిట్టనీ. నాల్గు రోజులాగి వాళ్ళింటికి నడిచిపోయి, నొప్పి తగ్గిందా అని అడిగొస్తడు. సగం సూపుతోని, కట్టె వట్టుకోని...

సల్లగుండు బిడ్డా. నీ ఒంటికి ఏ నొప్పి రావద్దు. అస్తె దాసకు, ఎవలకన్న జెప్పు. ఇగ పో, చాయ్ పెట్టు, మీ తాతకు చక్కెర తక్కువ... అగో, అచ్చినట్టున్నడు...