పచ్చి టేకు తలుపు

"నాయనమ్మా, మా కొత్తింటి తలుపుకు తెచ్చిన టేకు ఏడాది ఎండనియ్యాల్నంటవేందే?"

ఎందుకంటె మీ ముత్తాత ఆగలే బిడ్డా, గందుకు. ముత్తాతంటె మా మామ. వరంగల్ల కిరాణం దుకాణముండె మాకు. డెబ్బైల ఆఖర్లనుకో, నా పెండ్లై రెండేండ్లు... కాదు, మూడేండ్లు. మీ బాపు ఇంక పుట్టలే. ఇంటెనుక మామకని ఓ అర్ర కట్టిచ్చిండ్రు. తలుపుకు ఏటూరునాగారం దిక్కు టేకు తెచ్చిండ్రు. ఏం బరువనుకున్నవ్, నలుగురు మోసిండ్రు. గప్పుడు రూపాయిస్తె రిక్షా ఊరంత తిరిగేది, టేకు మాత్రం అప్పుడు గూడ పిరమే.

తలుపులు చేసే వడ్ల చారి చెక్క మీద అరచెయ్యి పెట్టి చూసిండు. ఇంక పచ్చిగుంది సేటూ, నీడకు పేర్చి నడుమ పుల్లలు పెట్టి ఓ ఏడాది ఆగుర్రి అన్నడు. మామ ఇన్లే. ముహూర్తం పెట్టుకున్నమన్నడు. సరే, చారి చేసిండు. ఎండకాలం తలుపు జర మెలివడ్డది. ఎవ్వలం పట్టించుకోలే.

శ్రావణంల మూడొద్దులు ముసురు. మా అత్త రఘునాథపల్లికి వాళ్ల చెల్లె ఇంటికి పోయింది, మీ తాత దుకాణంల ఉన్నడు. మామ పగటి నిద్రకు పోయి లోపల గడియ పెట్టుకున్నడు. నేను చాయ్ పట్టుకపోయిన.

"తలుపొస్తలేదు బిడ్డా" అన్నడు లోపల్నుంచి. "గడియ తీసిన. ఛాతిల నొస్తాంది."

ఆయన నాతోని సీదా మాట్లాడుడు గదే మొదలు. ఆ కాలంల కోడండ్లతోని మాట్లాడేటోళ్లు కాదు, తెలుసు గద. నేను భుజం పెట్టి నూకిన. వాన తడికి తలుపు ఉబ్బి దర్వాజ చట్రంల బిగిసింది, ఇసుమంత కదలలే. గిలాస ఆడనే పెట్టి వానల చారి ఇంటికి ఉరికిన. నెత్తిమీద కొంగుందా లేదా, సోయి లేదు. చారి అన్నం తింటాండు. ఎంగిలి చేతితోనే గొడ్డలందుకున్నడు.

వచ్చి సేటూ, సేటూ అని పిలిచిండు. జవాబు రాలే. మనిషి కింద కూలబడ్డడేమో అని పైనుంచే కొట్టిండు. తను చేసిన తలుపే గద. టేకు గట్టిది బిడ్డా, గొడ్డలి ఎగిరెగిరి వడ్డది, ఆఖరికి చెక్క పలిగింది. మామ గోడకు ఒరిగి ఉన్నడు, ఒళ్లంత చెమట. రిక్షాల దవాఖానకు కొంచవోయినం. పదొద్దులున్నడు. బతికిండు.

ఇంటికొచ్చినంక చారిని పిలిపిచ్చిండు. తిడ్తడేమో అనుకున్నం.

"తప్పు నాది చారీ. మల్ల టేకు తెప్పిస్త. నువ్వు ఎప్పుడంటె గప్పుడే" అన్నడు.

చారి తలకాయ ఊపిండు.

ఏడాది దాక దర్వాజకు కొత్తవాడల నేసిన జంపఖానా పరదాలెక్క కట్టుకున్నడు. సేటు అర్రకు తలుపు లేదని చుట్టాలు నవ్విండ్రు. ఆయనకు ఫికర్ లే. పొద్దున్నే పోయి కొత్త టేకు చెక్కలు తిప్పి పెట్టేటోడు, ఎండ తగిలితె పగుల్తయని నీడకు జరిపేటోడు.

ఏడాది నిండినంక చారి తలుపు చేసి బిగిచ్చి అవిసె నూనె రెండు పూతలు రాసిండు. నీళ్లతోని కడుగొద్దు, పొడిబట్టతోనే తుడువాలె, వానలకు ముందు ఏడాదికోపాలి నూనె పెట్టాలె అని నాకే చెప్పిండు. ఎంత ముసురు వట్టినా ఒక్క వేలుతోని నూకితె కదిలేది.

మామ దాన్ని తడిమి చూసిండు, బాగుందన్నడు. గాని మూయలే. ఇంక ఆరేండ్లు బతికిండు, చలికాలం గూడ తెరిచే పండుకున్నడు. ఓసారి చలి ఎక్కువుంటె, మూయాల్నా మామా అని అడిగిన.

"ఉండనీ బిడ్డా" అన్నడు. "నేను పిలిస్తె నీకు ఇనవడాలె."

ఇగ గంతే... పైలంగుండు బిడ్డా, నీ ఇల్లు సల్లగుండ.