కొత్త మోకాలు చేసిన పని

హలో… ఆ, నేనే. రెయినోనే. ఈ ఇంట్లో ఇంకెవరున్నారని?… చెప్పు వాల్ఫ్రిడ్.

తొందరగా చెప్పు. ఆవిరిస్నానానికని సౌనాలో కట్టెలు అంటించి వచ్చాను.

ఊఁ…

ఊఁ…

అరవకు రా. మార్చింది మోకాలు. చెవులు పాతవే, బాగానే ఉన్నాయి.

…ఆ, బోర్డు చూశాను. చూశాకే ఇంటికొచ్చాను… నలభై ఒక్కమంది స్కీల మీద కొండ దిగారు, నలభై మందికి ఏ పతకమూ రాలేదు. అంతేగా?… అంతేగా అంటే… ఏమనమంటావు మరి?

కుట్రా?

ఏం కుట్ర రా? గడియారం నా చేతిలో ఉందా? పైన అడ్డకర్ర కాలికి తగిలితే మొదలవుతుంది, కింద గీత దాటితే ఆగిపోతుంది. ఆ మధ్యలో నావి రెండు కాళ్ళు. అంతే… ఇరవై నాలుగున్నర సెకన్లు. ఆ. దిగాక నాకూ ఆశ్చర్యమేసింది.

…పోయినేడు ఇరవై తొమ్మిది. కాదనలేదే. అంతకు ముందేడు ఇరవై ఎనిమిది చిల్లర… మరి పోయినేడు మోకాలు పాతది కదరా! కుంటుకుంటూ దిగాను. దారికి పాతిన మూడో గేటు దగ్గర ఎముక మీద ఎముక గీసుకుంటుంటే పళ్ళు బిగబట్టి దిగాను. మీకేం, మీరు కింద చప్పట్లు కొట్టారు.

…ఎందుకు కొట్టారో నాకు తెలీదనుకుంటున్నావా?

ఏంటి?… మళ్ళీ చెప్పు. నేను జోరుగా దిగితే నీ పతకం ఎందుకు పోవాలీ అంటావా.

వాల్ఫ్రిడ్. ఇరవై రెండేళ్ళ నుంచీ ఆ కొండ నువ్వే నడుపుతున్నావు. ఇది నేను చెప్పాలా నీకు?… సరే. విను. ఒక్కసారే చెప్తా.

దేశం మొత్తానికీ ఒకడున్నాడు. అందరికంటే జోరు వాడు. వాడు సున్నా. నేను వాడి పక్కన దిగితే, వాడికి నూరు పట్టే చోట నాకు నూటారు పట్టింది. అదీ నా కాగితం మీదున్న ఆరు… ఆ, హ్యాండీక్యాప్ అంటే అదే. ఇక్కడ పందెం రోజు పొద్దున్నే ముందు నేను దిగుతా. నా టైంలోంచి నూటికి ఆ ఆరూ తీసేస్తే, వాడే మన కొండకి వచ్చి ఉంటే ఎంతలో దిగేవాడో తేలుతుంది. మీరందరూ దానికి ఎంత వెనక ఉన్నారో చూసి, వయసు చూసి, ఆడా మగా చూసి పతకం ఇస్తారు. అయిపోయింది… ఊఁ. అంతే.

ఇప్పుడు చెప్పు. ఆ ఆరు అని రాయించుకున్నప్పుడు నాకెన్నేళ్ళు?

…యాభై ఆరు. ఇప్పుడెన్ని?… డెబ్బై ఒకటి. కాగితం అక్కడే ఉంది. కాలు మాత్రం ఏటేటా వెనకబడుతూ వచ్చింది. నేను కుంటుకుంటూ దిగితే, ఆ సున్నాగాడే మన కొండ మీద కుంటుకుంటూ దిగినట్టు లెక్క. వాడితో పోలిస్తే మీరందరూ గద్దల్లా కనబడ్డారు. స్కీలు ఏ కాలికి ఏదో తెలిసిన ప్రతివాడికీ బంగారం.

…నన్నెందుకు అంటావు? ప్రతి ఏడూ మంచు పడకముందే అడిగాను కదా. "నన్ను మళ్ళీ పరీక్షకి పంపరా, ఈ ఆరు ఇప్పుడు నాది కాదు, ఇది పదిహేనో ఇరవయ్యో అయి ఉంటుంది" అని. నువ్వేమన్నావు?… ఏమన్నావు చెప్పు!… ఆ. "పాత కాగితం చాల్లే రెయినో, చలిలో అంత దూరం ఎందుకు" అన్నావు. నా చలి మీద నీకెంత దయో అనుకున్నా.

ఇన్నాళ్ళకి కాగితమూ కాలూ ఒక మాట మీదకి వచ్చాయి. దానికీ నేనే దోషినా?

…పరువా? ఎవరి పరువు?… ఓ, రోడ్డు మీద బోర్డు. "రాష్ట్రంలోకెల్లా ఎక్కువ బంగారం గెలిచిన కొండ". ఆ బోర్డు పక్కనుంచి పోవాల్సొస్తే నేను తల అటు తిప్పుకుంటాను, నీకు తెలుసా?

పోయినేడు పడమటికి పెద్ద పందేలకి ఏడుగురు వెళ్ళారు. నువ్వూ వెళ్ళావు. ఏమైంది?… చెప్పు, సిగ్గెందుకు. కింద నుంచి లెక్కపెడితే వరసగా ఏడుగురూ మనవాళ్ళే. వచ్చి ఏం చెప్పారు? అక్కడ గాలి పల్చన అన్నారు. గాలి పల్చనైతే అడ్డం తక్కువ కదరా, ఇంకా జోరుగా పోవాలి!… మంచు వేరా? మంచు తెల్లగా లేదా అక్కడ?

…నవ్వడం లేదు. ఇది దగ్గు.

పాస్టరుగారు నీకంటే ముందే ఫోను చేశారు… ఏమంటారు. సత్యం మంచిదేట. కానీ దానికీ ఒక సమయం ఉంటుందట. ఆయన బంగారాలు నాలుగూ చర్చి ఆఫీసులో అద్దాల బీరువాలో ఉన్నాయట, ఐదోదానికి మేకు కూడా కొట్టి ఉంచారట… నేనేమన్నానా? "మేకుకి టోపీ తగిలించుకోండి" అన్నాను.

…సరే. అసలు సంగతి చెప్పు. ఇంతసేపూ నా మోకాలు ఎలా ఉందని అడక్కుండా మాట్లాడుతున్నావంటే ఏదో ఉంది.

ఊఁ.

రేపు పొద్దున.

మళ్ళీ దిగాలా.

…ఇవాళ్టివన్నీ కొట్టేసి. గేట్లు సరిగా పాతలేదని రాసి. రేపు మళ్ళీ అందరూ. ముందు నేను… నిదానంగా. ఎంత నిదానంగా?

ఇరవై తొమ్మిది! సెకను కూడా నువ్వే చెప్తున్నావే… ఎలా మరి? స్కీలకి మైనం రాయకుండా రావాలా? మధ్యలో ఆగి బూటు బిగించుకోవాలా?… నీ తోలు కోటు ఇస్తావా, గాలికి అడ్డం పడుతుందని? దాంతో ఒక గొడుగు కూడా ఇవ్వు.

…తమాషా నాకా, నీకా?

నన్ను ఆస్పత్రికి తోలుకెళ్ళింది ఎవరు రా? తెల్లారగట్ల ఆ మంచులో నీ బండిలో తీసుకెళ్ళి, మూడు రోజులు పక్కన కూర్చుని, నాకిష్టమని మాంసం కూరిన పాస్టీలు తెచ్చి పెట్టింది ఎవరు? నువ్వే. డాక్టరుతో ఏమన్నావు? "వీడు మా కొండకి ప్రాణం, మళ్ళీ పాతికేళ్ళ కుర్రాణ్ణి చేసి ఇవ్వండి" అన్నావు. నేను మత్తులో ఉన్నాననుకున్నావు. విన్నాను… మరి చేసిచ్చాడు. ఇప్పుడు ఆయన మీద పోట్లాడు, నా మీద కాదు.

…

…దిగనంటే?

ఓ. ముందు దిగేవాడి ఎర్ర చొక్కా నా దగ్గర్నుంచి తీసేసుకుంటావా.

…

ఇరవై రెండేళ్ళు వేసుకున్నాను రా దాన్ని. చంక కింద నా చేత్తో నేనే కుట్టుకున్నా. కొండ మీద ఆ చొక్కా ఒక్కటే ఎర్రది… లేదు, బాధ లేదంటే అబద్ధం. ఉంది. తెల్లారితే నాకు ఇంకో పని లేదు, నీకు తెలుసు. తెలిసే అన్నావు.

…

వాల్ఫ్రిడ్, నలభై మందికి రాలేదన్నావు. దిగింది నలభై ఒక్కమంది. మిగిలిన ఆ ఒక్కరెవరో చెప్పలేదు నువ్వు.

…తెలుసు, నీకు తెలుసని. నోటితో చెప్పు.

ఆ. హిల్యా. నీ పెళ్ళాం.

కంచు పతకం. అవును, కంచే. కానీ కొండ మొత్తానికీ అదొక్కటే కదా ఇవాళ. నిజం టైంకి వచ్చిన కంచు… ముప్పై ఒకటిలో దిగింది. నువ్వెంత?… నాకు వినపడలేదు… ముప్పై మూడు. అంటే పదేళ్ళుగా ఆమె నీకంటే ముందే దిగుతోంది రా. ఇద్దరికీ బంగారమే అయ్యేసరికి ఎవరు ముందో ఎవరూ చూడలేదు. ఆమె చూసింది లే. చెప్పలేదు.

ఆ బంగారాలన్నీ ఆమె ఏం చేసిందో తెలుసుగా. పెరట్లో బెర్రీ పొదలకి కట్టింది, పిట్టలు రాకుండా. నేనే చూశాను. గాలికి టకటకా కొట్టుకుంటుంటే మంచి పని చేసిందనుకున్నా… ఇవాళ కంచు మెళ్ళో వేసినప్పుడు మాత్రం కోటు బొత్తాలు విప్పి లోపలికి వేసుకుంది. చూశావా నువ్వు?… నువ్వెందుకు చూస్తావు, బోర్డు దగ్గర అరుస్తున్నావు కదా.

రేపు మళ్ళీ దిగితే అది పోతుంది. నాకు ఎర్ర చొక్కా ఉంటుంది, నీకు పదకొండో బంగారం ఉంటుంది, పాస్టరు మేకుకి పని ఉంటుంది. ఆమె కంచు పోతుంది. దాని బదులు ఇంకో బంగారం ఇస్తావు, పిట్టలకి.

…సరే, ఒక మాట. నువ్వే వెళ్ళి అడుగు. "హిల్యా, ఆ కంచు వెనక్కి ఇచ్చెయ్" అను. ఆమె తీసి నీ చేతిలో పెడితే నేను రేపు దిగుతా. గొడుగుతో సహా దిగుతా… ఇప్పుడే అడుగు. నేను లైనులోనే ఉంటా.

ఎక్కడుంది?… సౌనాలోనా? తలుపు కొట్టు. నీ ఇంటి సౌనాకి నువ్వే భయపడితే ఎలా?

…

…

ఊఁ. తలుపు చప్పుడైంది… ఏదో పడింది… వాల్ఫ్రిడ్?

…ఎవరూ?… హిల్యా! నువ్వా అమ్మా. వాడేడీ?… బకెట్టా? చన్నీళ్ళా?… బతికే ఉన్నాడు కదా.

లేదమ్మా. దిగను. నువ్వు ఇవ్వనన్నాక ఇంకేముంది… చొక్కా పోతే పోనీ. కాలు నాదే కదా, దాన్నెవరు తీసుకుంటారు.

…ఊఁ?… వెండికా?

ఇంకో సెకనూ చిల్లర తగ్గాలి… ఎందుకు తగ్గదు? ఏడో గేటు దగ్గర లేచి నిలబడుతున్నావు. అక్కడ కొండ విరిగినట్టు కనిపించి భయమేస్తుంది. అందరికీ వేస్తుంది. లేవకు. వంగే ఉండు, కళ్ళు ఎనిమిదో గేటు మీద పెట్టు… ఆ. మంగళవారం పొద్దున వస్తా. పాత కోటు వేసుకొస్తా.

…వాణ్ణి కూడానా? పది బంగారాల మనిషి, వాడికి నేనేం నేర్పను?… ఏడుస్తున్నాడా, అవి చన్నీళ్ళా?… సరే, తీసుకురా. ముప్పై మూడు నుంచి కంచుకి రెండేళ్ళు పడుతుందని ముందే చెప్పు.

హిల్యా… ఆ కంచు మెళ్ళోనే ఉంచుకుని సౌనాలోకి వెళ్ళావా? లోహం కదమ్మా, కాలుతుంది… కాలిందా?

…ఎక్కడ?… గుండ్రంగానా? అచ్చు పడిందా?

…నవ్వకు, వెన్న రాసుకో… సరే. అయితే ఇక దాన్ని ఎవడూ కొట్టెయ్యలేడు.

నా కట్టెలు కాలిపోతున్నాయి. పెట్టేస్తున్నా.