ఎడమకు తిరిగిన చక్రం

హలో… ఆ, నేనే. నగరి భువనేశ్వరి. మన లేసు గ్రూపు భువనేశ్వరక్క.

నువ్వు తేజస్వినేనా?… ఏం పాపా, అంత మెల్లగా మాట్లాడతాండావు? కొంచెం గట్టిగా… ఈడ కరెంటు పోయి మగ్గాలు నిలిచిపోయినాయి గాబట్టి ఈ మాత్రమన్నా ఇనపడతాండాది. వచ్చిందంటే పక్కనోళ్ళు అరిసినా ఇనపడదు. అందుకే సుట్టూ తిప్పకుండా అడిగేస్తా. ఉన్నదున్నట్టు సెప్పాల.

గ్రూపులో నువ్వు పెట్టిన లేసు చక్రం ఫొటో… అది నువ్వు అల్లిందేనా?

…

'ఊ' అంటే సాలదు.

మనం ముప్పై ఆరు మందిమి. నాగరత్నమ్మ టీచరు నేర్పిన గాలిచక్రమే అందరమూ అల్లినాం. ముప్పై అయిదు చక్రాల్లో రేకులు కుడికి వంగినాయి. నీది మాత్రం ఎడమకు! అద్దంలో సూసినట్టుండాది. యాడన్నా ఎవురి ఫొటోనో ఎత్తుకోని, గుర్తుపట్టకుండా తిప్పేసి పెట్టినావా?

… లేదా. సరే.

మరి ఆదివారం క్లాసులో ఒక్కసారన్నా కెమెరా ఎందుకు ఎయ్యలా? నాలుగు నెలలైంది. అందరి సేతులూ కనపడతాయి, నీ గడిలో మాత్రం మందారం పువ్వు బొమ్మ. గొంతు రాదు, సెయ్యి కనపడదు. ఒట్టి టైపింగు.

… సిగ్గా? సిగ్గు మొగానికి ఉంటాది గానీ సేతులకేం సిగ్గు మే?

నన్ను తప్పుగా అనుకోవద్దు. పోయినేడు జాహ్నవి అని ఒకరు సేరినారు. 'అక్కా, అక్కా' అని ఎంత ముద్దుగా రాసేదో! ఒకరోజు పొరపాటున కెమెరా తెరుసుకున్నాది. ఇంత మీసం! బనీను ఏసుకోని కూర్సోనుండాడు. ఆడోళ్ళమంతా ఫోన్లు కొంగుల్లో సుట్టేసుకున్నాం…

నవ్వతాండావా? నవ్వు, నవ్వు. ఆ నవ్వు ఆడపిల్లదే. ఒక అనుమానం తీరినాది.

యా ఊరు?… ఐరాల పక్కనా. ఏం సేస్తాంటావు?… పదో తరగతా! సేరేటప్పుడు 'గృహిణి' అని రాసినావే!

… పిల్లోళ్ళను మేం సేర్సుకోము అనుకున్నావా. సూసినావా, ఒక అబద్ధం దొరికినాది. రెండోది లేదని నేనెట్ల నమ్మేది?

అందరి చక్రాలూ పోస్టులో వచ్చేసినాయి. నీది రాలా, ఒట్టి ఫొటోనే. సోమవారం కూర్సోని అన్నీ కలిపి శాలువ కుట్టాల. టీచరుకు అరవై నిండుతాండాయి, మనందరి సేతులూ ఆమె భుజాల మీద ఉండాలని గదా ఈ కష్టమంతా! అందులో దొంగ చక్రం ఒకటి కలిస్తే… కుట్టేదాన్ని నేను, నాకు మనసొప్పదు. ఇప్పుడు తేల్చకపోతే నిన్ను గ్రూపులోంచి తీసేస్తా.

…

ఏడవద్దు పాపా. నేనేమన్నా కొట్టినానా?… ఏందీ? ఫొటో ఇంకోసారి సూడమంటావా? చక్రం కింద… పుస్తకమా? ఉండు, ఫోను సెవి కాడ నుంచి తీస్తాండా. పెట్టెయ్యొద్దు.

… ఆ… ఇదో. సాంఘిక శాస్త్రం పుస్తకం. పదో తరగతి. అక్షరాలు సక్కగానే ఉండాయే! ఫొటో తిప్పేసుంటే అక్షరాలు కూడా తిరగబడాల గదా.

అంటే, ఫొటో తిప్పలా. చక్రం బోర్లా పెట్టిందీ కాదు, అల్లిక మొగం పైకే ఉండాది. చక్రమే అట్ల తిరిగినాది.

పాపా… నువ్వు ఎడం సేత్తో అల్లతాండావా?

…

సెప్పు, నేనెవురికీ సెప్పను… అవ్వా? అవ్వ ఎందుకు తిడతాది?… సిన్నప్పుడు ఎడం సేతికి గుడ్డ కట్టేసినాదా!

… అన్నం కుడి సేత్తో. రాత కుడి సేత్తో. ఈ కొక్కెం సూది మాత్రం కుడి సేతికి లొంగలా. … ఆవుల కొట్టంలో కూర్సోని అల్లినావా, ఈగలు కొట్టుకుంటా!

అందుకా కెమెరా ఎయ్యనిది. క్లాసులో ఎవురో ఒకరు 'ఎడం సేత్తోనా' అని పైకి అంటే అవ్వ సెవిన పడతాదని. పోస్టుకు పోతే అవ్వ ఏందని అడగతాదనేనా, చక్రం పంపనిది కూడా?… ఊ.

అయినా టీచరు కుడి సేత్తో నేర్పిస్తాది గదా. నువ్వెట్ల నేర్సుకున్నావు?

… ఫోను అద్దానికి ఎదురుగా పెట్టి… అద్దంలో టీచరును సూసి?

అబ్బా! ఇదేం బుర్ర మే నీది! మేమంతా నేరుగా సూసి కూడా లెక్క తప్పి నాలుగుసార్లు ఇప్పినాం.

సరే, తప్పు నాదే. దొంగ అన్నాను, మనసులో పెట్టుకోవద్దు. ఇంక…

ఎవురది, నీ పక్కన అరస్తాండేది?… తేజా?

హలో… ఎవురూ? దేవకమ్మవ్వా? నమస్కారమవ్వా. నేను నగరి నుంచి… ఆడదాన్నే! గొంతు పుట్టుకతోనే బొంగురు… ఒట్టవ్వా, ఆడదాన్నే! ఇద్దరు బిడ్డల తల్లిని… మీసమూ లేదు, గడ్డమూ లేదు! ఫొటో పంపమంటావా?

… పాపతో ఏం పనంటే, మేమంతా ఫోన్లో కలిసి లేసు అల్లతాం. మీ పాప పనితనం…

ఏ సేత్తోనా?

…

ఎందుకడగతాండావవ్వా?… ఆవుల కొట్టంలో దారం ముక్కలు దొరికినాయా. అనుమానం వచ్చినాదా.

సూడవ్వా, ఇంతసేపూ ఆ పిల్లను అబద్ధమాడినావని నిలదీసినదాన్ని. ఇప్పుడు నేనే అబద్ధమాడలేను. ఎడం సేత్తోనే.

… అరవద్దు. సూది లాక్కోవద్దు! ఒక్క మాట ఇను, ఆపైన నీ ఇష్టం. నువ్విప్పుడు కట్టుకోనుండేది నేత సీరేనా?… సరే. మాది మగ్గాల ఇల్లు. మా తాత సేతి మగ్గం మీద నేస్తాంటే పక్కన కూర్సోని సూసినదాన్ని. దారం మోసుకోని పొయ్యే నాడెను కుడి సెయ్యి ఇసిరితే ఎడం సెయ్యి అందుకోవాల. ఎడం సెయ్యి ఇసిరితే కుడి సెయ్యి అందుకోవాల. ఒక్క సెయ్యి ఊరకుంటే మూరెడు గుడ్డ రాదు. ఎడం సెయ్యి తగలకుండా నేసిన సీర నీ పెట్టెలో ఒక్కటుంటే తీసి సూపించు. పాపను గ్రూపులోంచి నేనే తీసేస్తా.

…

ఏమంటావవ్వా?…

అయ్యో! కరెంటు వచ్చేసినాది! హలో! ఏందీ?… ఇనపళ్ళా! మగ్గాలన్నీ ఒక్కసారిగా తిరగతాండాయి! తేజా! అవ్వ ఏమన్నాది?… ఇనపళ్ళా మే! వీడియో పెట్టు! అవ్వ ఒప్పుకుంటే వీడియో పెట్టు, లేదంటే కట్ సెయ్!

… ఎనక కెమెరా! ముందు కెమెరాలో కుడి ఎడమ తారుమారవతాదంట, నన్ను ఏమార్సలేవు!

ఆ… వచ్చినాది. సూది కనపడతాండాది. ఎడం సెయ్యే! ఓయమ్మా, ఎంత సురుగ్గా పోతాండాది!

రేపే పోస్టులో ఎయ్! సోమవారానికి అందాల! ఎడమకు తిరిగితే తిరిగింది, టీచరు సూసి కనుక్కోనీ!

ఆ పక్కన ముడతల సెయ్యి… అవ్వదా? దారం ఉండ సుడతాండాదే! సుట్టవ్వా, సుట్టు, బాగా వస్తాండాది…

ఒక్క నిమిషం.

అవ్వా! నువ్వు ఏ సేత్తో సుడతాండావు?… నిన్నే! ఆ సెయ్యి దాసద్దు, సూసేసినా! సిన్నప్పుడు నీ సేతిక్కూడా ఎవురన్నా గుడ్డ క—

హలో?… హలో?

పెట్టేసినాదే!