వణికింది పెడలే

మెకానిక్ షెడ్డు, మధ్యాహ్నం. పదహారేళ్ళ పెద్ద ఎస్‌యూవీ ఒకటి, దాన్ని తెచ్చిన రిటైర్డ్ డ్రైవింగ్ మాస్టారు ఒకరు, ఒకప్పుడు ఆయన దగ్గరే స్టీరింగు పట్టడం నేర్చుకున్న మెకానిక్ ఒకామె. ముగ్గురిలో బండి ఒక్కటే కాస్త నిదానంగా ఉంది.

"కాలికి నేనెలా సర్టిఫికెట్ ఇస్తాను మాస్టారూ? నేను మెకానిక్‌ని. కాళ్ళకి డాక్టర్లున్నారు."

"కాలికివ్వమని ఎవరన్నారు? బండికే ఇవ్వు. 'తప్పు బండిది, బ్రేకు తొక్కిన కాలిది కాదు.' ఒక్క ముక్క. కింద నీ సంతకం, షెడ్డు ముద్ర."

"బండిని ఇంకా ముట్టుకోనైనా లేదు కదండీ."

"ముట్టుకో. ముట్టుకుని అదే రాయి."

"చూశాక ఇంకోటేదో తేలితే?"

"తేలదు. అమ్మాయ్, నీకు రివర్స్ గేరు నేర్పిందెవరు?"

"మీరే."

"ఎన్ని రోజులు పట్టింది?"

"ఆ సంగతి ఇప్పుడెందుకండీ?"

"ఇరవై రెండు రోజులు. నేనెవరితోనైనా అన్నానా?"

"ఇప్పుడంటున్నారుగా, అదీ ఇంత గట్టిగా. అక్కడ కస్టమర్లు కూర్చున్నారు. సరే, మొదట్నుంచీ చెప్పండి. ఏం జరిగింది?"

"ఏముంది? ఇంటికొస్తున్నాం. వస్తున్నాను. గేటు ముందు ఆపాలి. నెమ్మదిగానే వస్తున్నా. బ్రేకు మీద కాలేస్తే పెడల్ గడగడా వణికింది. కిందనుంచి గుర్రుమని చప్పుడు. బండి ఆగాల్సిన చోట ఆగకుండా..."

"ఆగకుండా?"

"గేటుకి కాస్త తగిలింది."

"కాస్తంటే?"

"ఒక రెక్క ఊడింది. ఊడి, మా అల్లుడు కొనిచ్చిన వాలుకుర్చీ మీద పడింది."

"ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా?"

"కుర్చీకి తప్ప ఎవరికీ తగల్లేదు. దానికిప్పుడు రెండే కాళ్ళు."

"అల్లుడుగారేమన్నారు?"

"'మావయ్యగారూ, వణికింది పెడల్ కాదు, మీ కాలు' అన్నాడు. వాడక్కడున్నాడా? లేడు. చూశాడా? చూడలేదు. ఫోన్లోనే తేల్చేశాడు. దానికి మా అమ్మాయి వత్తాసు. రేపు పొద్దున్నే ఇద్దరూ వచ్చి తాళాలు పట్టుకుపోతారట. నలభై ఏళ్ళు ఊరందరికీ డ్రైవింగు నేర్పిన ఇంట్లో ఇక కారనేదే ఉండకూడదట!"

"అయ్యో. మరి డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ అని పసుపు దీపం వెలగలేదా?"

"వెలిగేది. ఆరేది. మళ్ళీ వెలిగేది."

"ఎన్నాళ్ళుగా?"

"ఈమధ్యే."

"మాస్టారూ..."

"ఏడెనిమిది నెలలనుంచి."

"ఏడెనిమిది నెలలా! మరి తీసుకురాలేదేం?"

"దానంతటదే ఆరిపోతోంది కదా అని..."

"దీపం వెలిగితే మొహం తిప్పుకోకండ్రా అని మా చెవులు మెలేసి మరీ చెప్పేవారు మీరు!"

"చెప్పేవాణ్ణి. అది స్టూడెంట్లకి. ముందు బండెక్కవమ్మా, మాటలు తర్వాత."

"ఎక్కుతున్నా. అబ్బా! ఇదేంటండీ, సీటు ఇంత ముందుకుంది? నా మోకాళ్ళే స్టీరింగుకి కొట్టుకుంటున్నాయి. ఆరడుగుల మనిషి, మీరెలా పట్టారిందులో?"

"నడుం నొప్పి. డాక్టరు ముందుకి జరిగి కూర్చోమన్నాడు."

"ఏ డాక్టరు?"

"ఉన్నాడులే ఒకడు. అదేంటి, ఆ వైరు ఎక్కడ గుచ్చుతున్నావ్?"

"స్కానరండీ. బండి కడుపులో ఏముందో చెబుతుంది. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సారుంటుంది కదా. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది ఏబీఎస్ పెట్టెకి కబురు పంపుతుంది. ఇదిగో, చూడండి. ముందు ఎడమ చక్రం సెన్సారు."

"దొరికాడు దొంగ! రాసెయ్."

"ఆగండి, ఆగండి. స్కానరు పేరు చెప్పినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. వైరు తెగినా ఈ పేరే చెబుతుంది, బేరింగు అరిగినా ఈ పేరే చెబుతుంది. ఊరికే సెన్సారు మార్చేసి చేతులు దులుపుకునే రకం కాదు నేను. నడిపి చూడాలి. మీరు నడపండి, నేను పక్కన కూర్చుని అంకెలు చూస్తాను."

"నేనా? నువ్వే నడుపు."

"వణికింది మీ కాలి కిందే కదా?"

"ఆఁ... నా కాలి కిందే. సరే, జరుగు. ఈ సీటు వెనక్కి... హమ్మయ్య."

"నడుం నొప్పన్నారు?"

"ఇవాళ లేదు. బెల్టు పెట్టుకో. తలుపు సరిగా వేశావా? వేయలేదు. మళ్ళీ వెయ్యి."

"ఇరవై ఏళ్ళైంది మాస్టారూ, ఇంకా మీ పక్కన కూర్చుంటే చేతులకి చెమటలు పడుతున్నాయి. పోనివ్వండి. ఆ చివర చెట్టు దాకా. ఇప్పుడు ఆపండి."

"ఆపాను."

"వణికిందా?"

"లేదు."

"మళ్ళీ. ఊఁ, ఆపండి."

"ఆపాను. వణకలేదు. ఏమే, వణకవేం? ఇంట్లో పరువు తీసి, ఇక్కడికొచ్చి పెద్దమనిషిలా కూర్చుంటావా? ఒక్కసారి వణుకమ్మా, నీకు పుణ్యముంటుంది!"

"బండి పాడవ్వాలని దండం పెట్టే కస్టమర్ని ఇవాళే చూస్తున్నా."

"నవ్వకు. రేపు పొద్దున్నే వాళ్ళొస్తారు."

"నవ్వట్లేదండీ. మీరు నలభై స్పీడులో వచ్చి, ఒక్క తొక్కు తొక్కి ఠక్కున ఆపేస్తున్నారు. దానికి వణికే వ్యవధి ఏది? పదికి దించి, పదిలోనే మెల్లమెల్లగా తొక్కండి."

"పదా? నేనెప్పుడైనా పదిలో నడిపానా?"

"మరి గేటు దగ్గర ఎంతలో వచ్చారు?"

"గేటు దగ్గరా... పదిలోనే."

"ఎందుకూ?"

"వయసు. వయసొచ్చింది కదా. పది. ఇదిగో, పది. తొక్కుతున్నా. మెల్లగా... అదిగో! వచ్చింది! వణికింది! విన్నావా గుర్రుమంది! చూశావా?"

"చూశా, చూశా! కేకలెయ్యకండి, జనం చూస్తున్నారు. ఈ అంకెలు చూడండి. మూడు చక్రాలు తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అంటున్నాయి. ముందు ఎడమది సున్నా అంటోంది."

"సున్నా ఏంటి? అది తిరుగుతూనే ఉందిగా!"

"తిరుగుతోంది. కానీ సెన్సారుకి కనబడట్లేదు. ఏబీఎస్ పెట్టె పాపం, చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద జారుతోందనుకుని బ్రేకు వదిలేస్తోంది. వదలడం, పట్టడం, వదలడం, పట్టడం. ఆ గడగడ అదే."

"అంటే మనం ఆపుతుంటే అది వదిలేస్తోందన్నమాట."

"అంతే. నిజంగా జారినప్పుడు చెయ్యాల్సిన పని, జారకపోయినా చేస్తోంది. అయినా మిగతా మూడు చక్రాలకీ బ్రేకుందిగా. గేటు దాకా ఎందుకెళ్ళిందీ అని... పెడల్ వణగ్గానే ఏం చేశారు మీరు?"

"ఏం చేస్తారెవరైనా? వదిలి వదిలి తొక్కమని... తొక్కాను."

"వదిలి వదిలా?"

"బండి మాట వినకపోతే వదిలి వదిలి తొక్కాలి. నలభై ఏళ్ళుగా నేను చెప్పిన పాఠం. నీకూ అదే చెప్పాను."

"ఆ రోజుల్లో మనం నేర్చుకున్న కారుకి ఏబీఎస్ లేదు మాస్టారూ. ఇది ఏబీఎస్ ఉన్న బండి. దీనిలో ఎంత వణికినా కాలు తియ్యకూడదు. అదిమి పట్టుకోవాలి. వదిలిన ప్రతిసారీ ఆ మూడు చక్రాల బ్రేకు కూడా పోయిందన్నమాట."

"అదిమి పట్టి ఉంటే?"

"గేటు ముందే ఆగేది. మహా అయితే నంబరు ప్లేటు ముద్దెట్టుకునేది."

"నిజంగానా?"

"నిజంగానే. ఏంటండీ, అలా అయిపోయారు?"

"ఏం లేదు. అద్దంలో చూసుకుంటున్నా. వెనక బండి ఏదో వస్తోంది."

"వెనక ఏ బండీ లేదు."

"లేకపోయినా చూసుకోవాలి. షెడ్డుకి పోదాం పద."

"ఊఁ, లోపలికి రానివ్వండి. చాలు, చాలు. జాకీ వేస్తాను, దిగండి. మీ ఫోను మోగుతోంది."

"హలో. ఆఁ, చెప్పు. షెడ్డులోనే... దొరికింది, దొరికింది! కాలు కాదు, బండే! ... నీ మీద ఒట్టు. ... అన్నం తిన్నావా? ... ఎందుకు తినలేదూ? ... చెబుతున్నా కదా బండేనని. నా మాట నమ్మవేం? ... సరే, కాగితం మీద రాయించి తెస్తా. ... ఆఁ, ముద్ర కూడా. ముందు నువ్వు రెండు ముద్దలు తిను."

"అమ్మగారా?"

"ఆఁ."

"మీ గురించి ఎంత బెంగ పెట్టుకున్నారో పాపం. తిండి కూడా మానేశారా?"

"ఆఁ... బెంగే. చక్రం ఊడిందా?"

"ఊడింది. ఇలా వంగండి, టార్చి పట్టుకోండి. అక్కడ కాదు, ఇక్కడ. ముందు బేరింగు చూద్దాం. ఊపితే కదలట్లేదు. బాగానే ఉంది. వైరు కూడా ఎక్కడా తెగలేదు, గీసుకుపోలేదు. ఇప్పుడు సెన్సారు... రాదే! పదహారేళ్ళుగా కదల్లేదు మరి. రా తల్లీ, రా. విరిగావంటే నిన్ను ఊరంతా వెతకాలి."

"లాగు. గట్టిగా లాగు."

"గట్టిగా లాగితే తల ఊడి చేతికొస్తుంది. నాలుగు చుక్కలు ఆయిలేసి కాసేపు ఓపిక పట్టాలి. మీరు నాకు క్లచ్చి నేర్పినప్పుడు పట్టారే, అంత."

"అంత ఓపిక ఇప్పుడు లేదమ్మా. ఆ రోజు కూడా లేదు, నటించాను."

"ఇదిగో, వచ్చేసింది. చూడండి, సెన్సారు బాగానే ఉంది. ఇది కూర్చునే చోటు చూడండి. తుప్పు పట్టి పొంగింది. ఆ పొంగు సెన్సారుని పైకెత్తేసింది. గోరు మందమే. ఆ గోరు మందం దూరం చాలు, చక్రం నెమ్మదిగా తిరిగినప్పుడు దీనికేమీ తెలీదు. వేగంగా తిరిగితే తెలుస్తుంది."

"గోరంత తుప్పా! గోరంత తుప్పుకి గేటూ, కుర్చీ, అల్లుడూ..."

"అల్లుడికేమైందండీ?"

"ఏం కాలేదు. అదే నా బాధ. మరి సెన్సారు మార్చాలా?"

"ఎందుకు? నిక్షేపంలా ఉంది. తుప్పంతా గీకేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, పూత వేసి, మళ్ళీ కూర్చోబెడితే సరి. కుడివైపుదీ ఓసారి చూస్తాను. అదీ ఇవాళో రేపో ఇదే దారి పడుతుంది."

"రుద్దు. బాగా రుద్దు. ఆ మూల వదిలేశావ్."

"మాస్టారూ, టార్చి మాత్రం పట్టుకోండి."

"పట్టుకున్నా."

"నా మొహం మీద కాదు."

"ఆఁ ఆఁ. అమ్మాయ్, ఒకటడగనా? భయపడి స్టీరింగొదిలేసినవాళ్ళు మళ్ళీ పడతారంటావా?"

"మీరే చెప్పాలి. ఎంతమందిని చూశారో."

"పట్టినవాళ్ళూ ఉన్నారు, మళ్ళీ మొహం చూపించనివాళ్ళూ ఉన్నారు. నా అరుపులకి పారిపోయినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది."

"ఇవాళ ఏంటండీ ఇలా మాట్లాడుతున్నారు? రేపు తాళాలు పోవులెండి. నేను లేనూ? ఊఁ, బిగించేశాను. బండిలో నమోదైన పాత తప్పు స్కానరుతో చెరిపేశా. ఎక్కండి, పదిలో నడుపుదాం."

"తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది!"

"అంకెలు నేను చదువుతాను, మీరు రోడ్డు చూడండి. మళ్ళీ తొక్కండి. ఇంకా మెల్లగా. ఎనిమిది, ఆరు, నాలుగు... ఆగింది. వణికిందా?"

"లేదు."

"ఈసారి దండం పెట్టరేం?"

"ఇంకో పదిసార్లు చూద్దాం."

"మూడుసార్లు చాలు."

"పదిసార్లు, అమ్మాయ్. ఇది ఆగి తీరాలి."

"...ఎనిమిది, తొమ్మిది, పది. పదిసార్లూ ఆగింది, దీపం కూడా వెలగలేదు. ఇప్పటికైనా దిగుతారా? తీరిగ్గా మీ కాగితం రాస్తాను. ఇదిగో, చదువుతున్నా. 'ముందు ఎడమ చక్రం సెన్సారు అడుగున తుప్పు పట్టినందున, నెమ్మదిగా ఆపేటప్పుడు ఏబీఎస్ అకారణంగా పనిచేసి బ్రేకు వదిలివేసినది. సరిచేసి పరీక్షించడమైనది. తప్పు బండిది.' సంతకం. ముద్ర. అల్లుడుగారి నోరు మూతపడుతుంది. సంతోషమా?"

"బాగా రాశావు. కానీ 'తప్పు బండిది' అన్నచోట, 'సగం' అని చేర్చు."

"సగమా? వచ్చినప్పట్నుంచీ మొత్తం బండిదే అని రాయమని నా ప్రాణం తోడేశారు కదండీ!"

"అప్పుడు నాకు తెలీదు. మిగతా సగం పాత పాఠం చెప్పినవాడిది. అది కూడా రాయి."

"అలా రాస్తే మీ చేతులు మీరే కట్టేసుకున్నట్టు కాదూ? తాళాలు పట్టుకుపోరూ? పాఠం చెప్పిందీ మీరే, బ్రేకు తొక్కిందీ మీరేనాయె!"

"తొక్కింది నేను కాదమ్మాయ్. నేర్పండి, నేర్పండని ముప్పై ఏళ్ళు నా వెంటపడి, ఈ ఏడాదికి స్టీరింగు పట్టుకున్న మా ఆవిడ. పక్కసీట్లో కూర్చుని 'వదిలి వదిలి తొక్కు' అని అరిచినవాణ్ణి నేను. అల్లుడితో తొక్కింది నేనేనన్నాను, ఇప్పుడేం చెప్పాలో నేను చెప్పుకుంటాను గానీ, ఆ కాగితం ఆవిడకే రాయి, రేపు వాళ్ళొచ్చేసరికి తాళం ఆవిడ చేతిలో ఉండేలా రాయి."