కన్ను కొట్టిన దీపం

ఆ ఉదయం టీకొట్టు దగ్గర లైన్‌మాన్ గొంతు మామూలుకంటే ఓ మెట్టు పైనే ఉంది. ఉండదా మరి? కొత్త కాలనీలో నలభై వీధిదీపాలకు వెలుతురు కన్నులు బిగించే పని ఎవరికివ్వాలో తేల్చే సూపర్‌వైజరు ఎదురు బల్ల మీదే కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

“పెద్ద గొప్పేం కాదు సార్, ఆసుపత్రి గేటు దీపానికి కన్ను పెట్టాను, అంతే. చొక్కా గుండీ అంత బిళ్ల. వెలుతురు పడితే అందులో కరెంటు పారి దీపం ఆరుతుంది, చీకటి పడితే ఆగిపోయి దీపం వెలుగుతుంది. అందరూ పెట్టేదే. కానీ నా చెయ్యి పడింది కదా, మబ్బు పట్టినా వెలిగేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాకి నీడకీ వెలిగింది.”

“కాకి నీడకా?” అన్నాడు సైకిల్ షాపు మామ.

“కాకిదాకా ఎందుకు మామా, దోమ నీడకి కూడా. ఓ రోజు ఒకాయన కళ్లజోడు పోగొట్టుకుని, ముఖం మాడ్చుకుని గేటు దాటుతున్నాడు. ఆ ముఖంలో చీకటికి దీపం భగ్గున వెలిగింది. చూస్తే కళ్లజోడు నెత్తిమీదే ఉంది. ఆయన ముఖం వెలిగింది, దీపం ఆరింది.”

సూపర్‌వైజరు మీసం కదిలింది. లైన్‌మాన్‌కి ఇంకాస్త ఊపొచ్చింది.

“ఇప్పుడు డాక్టర్లు రోగిని ముందు దాని కిందికే పంపుతున్నారు సార్. వెలిగితే మంచం, లేకపోతే ఇల్లు. ఇక నేను అటు వెళితే గుర్తుపట్టి కన్ను కొడుతుంది. వెలిగి, ఆరి, వెలిగి, ఆరి. వారం రోజులు ఆసుపత్రంతా చూసింది.”

ఆ ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికే వదిన, పక్క బల్ల మీద గ్లాసు దించింది.

“నీకొక్కడికే కాదయ్యా, వార్డు వార్డుకీ కొట్టింది. దాని కన్ను దాని దీపం వైపే పెట్టావు. వెలగ్గానే తెల్లారిందనుకుని ఆరేది, ఆరగానే పొద్దుపోయిందనుకుని వెలిగేది. వారం పాటు ఒక్క రోగికీ నిద్ర లేదు. నీకు చెబుదామంటే నీ నోటికి ఖాళీ ఏది? మొన్న నేనే నిచ్చెనేసుకుని తిప్పాను.”

మామకి టీ పొలమారింది. లైన్‌మాన్ గొంతులో ఇంకో రెండు కథలు సిద్ధంగా ఉన్నాయి. రెంటినీ మింగేశాడు. కళ్లముందు నలభై దీపాలూ ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. కాసేపటికి లేచి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

“ఎటు తిప్పావు వదినా?” మెల్లగా అడిగాడు.

“ఆకాశం వైపు.”

సూపర్‌వైజరు జేబులోంచి కాగితం తీసి లైన్‌మాన్ ముందు పెట్టాడు.

“పని నీదే. కానీ ప్రతి దీపం దగ్గరా మీ వదిన చూసి సరే అన్నాకే నిచ్చెన దిగాలి.”