నీలు మాట మానిపించిన బడి

"పెద్దమ్మా, మా బాబుకి నాలుగేల్లొచ్చినా మాట సరిగ్గా రాలేదు. మీ మనవరాలు నీలు ఎల్లిన బడిలోనే ఏసీమంటావా?"

నానేటి సెప్పను తల్లీ... కూకో. నీలు మా అమ్మాయి కూతురు కదా. ఆల్లప్పుడు అస్కాలో ఉండీవోరు, అల్లుడికి పంచదార మిల్లులో పని. మంచోడే... ఆ, ఏటి సెప్తన్నాను? గుంటకి ఐదేల్లొచ్చినా బుద్ది ఎదగలేదు. నడకా ఆలీసమే, మాటా ఆలీసమే. అయితే ఏటి? "అమ్మమ్మా, కత సెప్పు" అనీది. నాకదే సాలు.

దాని సదువు కోసమని బరంపురం వొచ్చీసినారు. ముందొక ఇంగిలీసు బడికి తీసుకెల్లినాం. అక్కడి పెద్ద మేడమ్ గుంట మొకమైనా సూల్లేదు. "మిగతా పిల్లల తల్లులు ఒప్పుకోరు" అన్నాది. మా అమ్మాయి ఆ మెట్ల మీదే కూలబడి ఏడిసింది. నీలే దాని కల్లు తుడిసింది. బుద్ది లేదన్నారు దానికి, సూడు!

తరవాత గవర్నమెంటు బడి. సేర్చుకున్నారు, కాదనకూడదు. సేర్చుకొని గుమ్మం కాడ కూకోబెట్టి, పిల్లల సెప్పులికి కాపలా ఎట్టినారు.

అప్పుడెవులో సెప్పినారు, ఇలాటి పిల్లలికే ఒక బడుందని. మంచి బడే, లేదనను. జడేసుకోడం, రోడ్డు దాటడం, అన్నీ నేర్పినారు. కానీ ఏటంటే, మొదటి రోజే సెప్పీసినారు. "ఇక్కడ సదువంతా ఒడియాలోనే, ఇంట్లోనూ ఒడియా ఒక్కటే మాటాడండి. రెండు బాసలైతే పిల్ల గాబరా పడిపోద్ది. తెలుగు మానీండి."

నాకు ఒడియా రాదేటి? వొచ్చు. బజార్లో బేరానికొచ్చు. కత సెప్పడానికెలాగొస్తాది? అయినా గుంట బాగుపడతాదని నోరు కట్టీసుకున్నాను. అది నా గెడ్డం అట్టుకొని కత అడిగీది. నానేమో "బొసో మా, బొసో" అని కూకోబెట్టీసీదాన్ని. కొన్నాల్లకి అడగడం మానీసింది. నా పక్కన పడుకోడమూ మానీసింది.

మొన్న ఆసుపత్రిలో ఒక కొత్త డాట్రమ్మ అన్నాది, "ఇంటి మాట ఎందుకు మానిపించినారు? ఆ అవసరమే లేదు" అని. అవసరం లేదట! ఎల్లి బడోల్లనడిగితే, "అప్పట్లో అందరికీ అలాగే సెప్పీవోరం" అన్నారు. అంతే. టీ తాగెల్లమన్నారు. నాను తాగలేదు.

ఇప్పుడు నీలు ఒడియా బాగానే మాటాడతాది. నాను దాని కాడికెల్తే లేసి కుర్చీ ఏస్తాది. సుట్టాలకేసినట్టు.

అందుకే సెప్తన్నాను, బడికెల్లి గోడలమీది బొమ్మలు సూసి మురిసిపోకు. మా ఇంటి మాటనేటి సేస్తారని ముందుగా అడుగు. నీ గుంటడు రేపు నీకు ఎదురు సెప్పీటంత మాటకారి అవ్వాల తల్లీ... నీ బాసలోనే ఎదురు సెప్పాల.