పారబోసిన మేటకు బాధ్యత వహించిన ఉర్కియా గారికి

1991 సెప్టెంబరు రెండో తేదీన మా అతిరావ్ నగరపు నదీ మేటల ప్రయోగశాలలో సహాయ రసాయనవేత్తగా చేరి, ముప్పై మూడేళ్ల అవిశ్రాంత సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న శ్రీమతి ఉర్కియా జుమాగాలియెవా గారిని గూర్చి, ఇరవై ఆరేళ్లుగా వారితో ఒకే పడవలో తిరిగిన నాకు నాలుగు మాటలు రాసే అవకాశం దక్కడం నా భాగ్యం.

జాయిక్ నది కాస్పియన్ సముద్రంలో కలిసే చోట అడుగు బురద తీసి, అందులోని సీసం, పాదరసం, చమురు ఎంతో తేల్చడం మా వృత్తి. 1998లో ఆ పరీక్షలు మొదలైనప్పుడు నాకు ఆ పని నేర్పింది వారే. "బురదపైన తేలే మురికినీళ్లు వంచెయ్యి తమ్ముడూ. సీసా శుభ్రంగా ఉండాలి" అన్నారు. అతిథికిచ్చే టీ గిన్నెకు చిన్న మరకున్నా తలదించుకునే జాతి మాది. ఆ శుభ్రతే మా కొంప ముంచింది. తొమ్మిదేళ్లు నేను వంచుతూనే ఉన్నాను, నది నిర్మలమని నివేదికలు వెళుతూనే ఉన్నాయి.

2007 ఏప్రిల్‌లో గాలికి పడవ ఊగిపోతుంటే నీళ్లు వంచకుండానే ఒక సీసా బిగించేశాను. ప్రయోగశాల ఫ్రిజ్ చెడిపోవడంతో వారు దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఒంటె పాల పక్కన పెట్టారు. "తాగేవేవో తాగకూడనివేవో చీటీలు అంటించు మహాతల్లీ, నాలుగు రోజులు బతుకుతాను" అన్నారట భర్త మర్హబాత్ గారు. చీటీ అంటిస్తూ చూస్తే, సీసాలో ఇసుకపైన వేలెడు మందాన నల్లని మెత్తటి పొర పేరుకొని ఉంది. పరీక్షిస్తే సీసం పరిమితికి ఏడు రెట్లుంది. విషాన్ని పట్టి ఉంచేది ఆ పొరే. దాన్నే మేము ఇన్నాళ్లూ మురికినీళ్లని పారబోశాము.

సరిగ్గా ఆ వారమే, మా నివేదికలనే నమ్మి, నదీముఖంలో పూడికతీతకు అనుమతి ఇవ్వబోతున్నారు. స్టర్జన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏరెక్కే కాలమది. ఆ పొర కదిలితే బురదలోని పురుగు నుంచి చేపకు, చేప నుంచి మా పళ్లేలకు విషం చేరుతుంది. ఉర్కియా గారు తమ తొమ్మిదేళ్ల నివేదికలూ చెల్లవని లేఖ రాశారు. నీళ్లు వంచింది నేను కనుక నా పేరు కూడా రాయమని ప్రాధేయపడ్డాను.

"నోర్మూసుకో. నేర్పింది నేను. నీ పేరు చేరిస్తే నీ ఉద్యోగమే ఊడుతుంది" అని కసిరి, నన్ను వెంటబెట్టుకొని అప్పటి అధికారి గదిలోకి నడిచారు.

"నీ పని తప్పని నువ్వే రాస్తావా? నలుగురూ నవ్విపోతారమ్మా" అన్నారాయన.

"నవ్వనివ్వండి. రేపు ఏడవకుండా ఉంటే చాలు."

"ఈ ఏడాది శాఖాధిపతి పదవి నీకే రావాలి. తెలుసుగా?"

"తెలుసండి. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

పూడికతీత ఆగింది. పదవి మరొకరికి వెళ్లింది. వారు మాత్రం మరుసటి వారమే పడవెక్కి, చలికాలంలో మంచుకు తూట్లు పొడిచి, పాత చోట్లన్నింటి నుంచీ మళ్లీ మొదటి నుంచి నమూనాలు తీయించారు. అందుకు నాలుగేళ్లు పట్టింది.

వారి పిల్లలు, మనవలు ఇది చదువుతారు గనుక రాస్తున్నాను. ఆ తప్పు చేసిన చేతుల్లో రెండు నావి, శిక్ష మాత్రం మీ అమ్మ ఒక్కరే అనుభవించారు. అక్కా, ఆ లేఖలో మీరు రాయనివ్వని పేరు ఈరోజు మీ పేరు కిందే రాసుకుంటున్నాను. అందుకు నన్ను నిండు ఆరోగ్యంతో, గట్టి గొంతుతో, నూరేళ్లు తిడుతూనే ఉండండి.

ఉర్కియా జుమాగాలియెవా
యెస్కాలి తుయాకొవ్